అత్త తిన్న సంగటి ముద్ద

మీ ఇంట్లో ఉన్న ఆమె మీ భార్యేనా అని రేపు సర్కారు అడిగితే, అయ్యా, ఏం చూపిస్తారు? పసుపుతాడా? పురోహితుణ్ణా? మొన్న మా మనవరాలు, తాను పెళ్లాడిన సింహళ యువకుడికి ఇక్కడ నివాసం ఇప్పించడానికి కాగితాలు సర్దుకుంటూ ఉంటే, బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నేను పడిన దడ గుర్తుకు వచ్చింది.

రంగూనులో అచ్చుకూటంలో పనిచేసే రోజుల్లో నేనొక బర్మా అమ్మాయిని పెళ్లాడాను. మంత్రాలూ ముహూర్తాలూ మూఢత్వమని మిత్రుల మధ్య ఉపన్యాసం దంచి, దండలు మార్చుకుని, అంతటితో పెళ్లి అయిపోయిందనుకుని, ఆమెను వెంటబెట్టుకుని బంగారుపాళ్యం దగ్గరి మా ఊరు చేరాను. చిత్తూరు కచేరీలో మాత్రం, ఈమె పరదేశి, నీ భార్య అని రుజువు లేకుంటే ఓడ ఎక్కించవలసి వస్తుందని చెప్పి, విచారణ మా ఊరి మునసబుకు అప్పగించారు.

ఆయనకు చట్టం ఎంత తెలుసో గాని, మా సీమ లెక్క ఒకటి తెలుసు: ఉంచుకున్నదాని చేతి కూడు ఇంటి పెద్దామె ముట్టదు, కోడలిదైతే తింటుంది. మా అమ్మ ఆచారం గల మనిషి. కోడలు వచ్చిన నాటి నుంచి వేరే పొయ్యి పెట్టుకుని వండుకుంటున్నది. అబద్ధం ఆడదని ఊరంతటికీ తెలుసు.

మునసబు మా ఇంటి ముందరి తిన్నె మీద కూర్చుని, “అక్కా, ఆ యమ్మ చేతి కూడు తింటాండావా?” అన్నాడు.

అమ్మ లోపలికి తిరిగి, “అమ్మే, ఆకలైతాండాది, సంగటి పెట్టు” అని కేకవేసింది. నా భార్య తెచ్చిన ముద్దను అమ్మ తుంచి, పప్పులో అద్ది, ఆయన చూస్తూండగానే మింగి, “సూడప్పా, తింటాండా. ఉప్పుకు మాత్రం రంగూన్లో కరువేమో!” అన్నది.

మునసబు పగలబడి నవ్వి, “వంకలు పెడతాండావంటే కోడలే! ఇంకేం రుజువు కావల్ల?” అని రాసుకుని పోయాడు. మర్నాడు అమ్మ తన పొయ్యిని తానే పడగొట్టింది.

ఆ మునసబులూ లేరు, ఆ అత్తలూ లేరు. మనిషి ముఖం చూసి నమ్మే కచేరీ ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ ముద్దను తలచుకుంటే నాకు ఈనాటికీ ప్రాణం లేచి వస్తుంది. కాని ఆనాడు అమ్మ మనసు కరగకపోతే? ఒక ఆడదాని బ్రతుకు అత్త నోటి ముద్దకు వేలాడడం ఏం న్యాయం? పెళ్లి మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి, చేసుకున్నవాళ్లు ఈ వారమే రిజిస్ట్రారు దగ్గరికి ఇద్దరూ నడిచి వెళ్లి సంతకాలు పెట్టి రండి.