పంపిందెవరు అనే దశరథం

దశరథానికి అనుమానం రోగం కాదు, వృత్తి. ఐదెకరాల జొన్నచేను విమానాశ్రయం రోడ్డు కిందికి పోయాక ఆయనకు వేరే పని లేకుండా పోయింది. అప్పటి నుంచి శంషాబాద్ బస్టాండు చౌరస్తాలో కొత్త మొహం కనబడితే చాలు, పక్కకు వెళ్ళి నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. "నిన్నెవరు పంపిన్రు?"

పోస్ట్‌మ్యాన్‌ను పన్నెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. పోలియో చుక్కలు వేసే నర్సమ్మను అడిగాడు. దసరాకు వచ్చిన సొంత అల్లుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు. "నీ బిడ్డనే పంపింది మామా" అని అల్లుడు చెబితే, బిడ్డకు ఫోను చేసి రూఢి చేసుకున్నాకే కాళ్ళకు నీళ్ళిప్పించాడు. వేలంపాటలో లక్షలు పలికే బాలాపూర్ లడ్డూ ప్రసాదమని ఎవరో చిటికెడు చేతిలో పెడితే, "గంత పిరమైన లడ్డు ఉత్తగ ఎందుకు పంచుతున్నరు?" అని అరగంట ఆరా తీసి, ఆ తర్వాత కళ్ళకద్దుకుని తిన్నాడు.

అలాంటి మనిషి చేతికి 2013 ఎండాకాలంలో ప్రియదర్శిని చిక్కింది.

కాకినాడ నుంచి వచ్చిన ఈ పిల్లకు ఉద్యోగం కొత్త. బస్టాండు చుట్టూ రోడ్డు మీద నిలబడ్డ ఎవరికైనా ఫోనులో ఇంటర్నెట్ అందేలా వైఫై పెట్టాలి, ఏ పెట్టె ఎక్కడ బిగించాలో కొలిచి పటం గీసివ్వాలి. కంపెనీ ఆమెకు అప్పజెప్పిన మొదటి పని ఇది. శనివారానికి పటం అందకపోతే ఈ పని ఇంకొకరికి పోతుంది, దాని వెనకే ఉద్యోగమూ పోయేట్టుంది.

ఆమె సంచీలోంచి టేపు తీసిందో లేదో, దశరథం వచ్చి నిలబడ్డాడు.

"నిన్నెవరు పంపిన్రు?"

"కంపెనీ పంపిందండీ."

"కంపెనీని ఎవరు పంపిన్రు?"

"పైనుంచి ఆర్డరు వచ్చిందండీ."

"ఆ పైనున్నోళ్ళను?"

ఆ పైన ఎవరుంటారో ప్రియదర్శినికీ తెలియదు. దశరథం ఇంటికి వెళ్ళి తన టేపు తెచ్చుకున్నాడు. ఆ రోజంతా ఆమె కొలిచిన ప్రతి స్తంభాన్నీ వెనకే తనూ కొలిచాడు. అర అంగుళం తేడా వస్తే ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి కొలిచారు.

మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్ తెరిస్తే, అందులో పటం మీదున్న పచ్చరంగు గుండ్రాలు చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"గీ గుండ్రంల ఉన్నోళ్ళందరి జాగ పోతదా?"

"అయ్యో, పోదండీ. వాళ్ళందరికీ ఇంటర్నెట్ వస్తుంది."

"పైసల్ ఎన్ని?"

"ఉచితమేనండీ."

అంతే, ఉన్న అనుమానం రెండింతలైంది. "మా చేను పోయినప్పుడు గూడ విమానాలు ఉత్తగనే సూడొచ్చన్నరు" అన్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. రోడ్డు మీది పదకొండు పెట్టెలకూ ఎత్తైన ఒక మిద్దె మీద నుంచి సిగ్నల్ అందాలి. చౌరస్తా నాలుగు వైపులా కనిపించే మిద్దె ఒక్కటే ఉంది, అది దశరథానిది. ప్రియదర్శిని రోజుకు రెండుసార్లు బతిమాలింది. ఆయన రోజుకు రెండుసార్లు తలుపేసుకున్నాడు.

ముందు మిగతా పనైనా కానిద్దామని ఆమె బుధవారం నాడు పెట్టెలు వచ్చే పదకొండు చోట్లా ఎర్ర సుద్దతో అడ్డగీతల గుర్తులు వేసింది. సక్కుబాయి మిర్చీబజ్జీల బండిని ఆనుకున్న స్తంభం మీద ఒకటి, సోమయ్య సైకిల్ దుకాణం గోడ మీద ఒకటి, అలా చౌరస్తా అంతా. గురువారం పొద్దున చూస్తే ఒక్కటీ లేదు. మళ్ళీ వేసింది. శుక్రవారం పొద్దున అవీ లేవు. కానీ దశరథం ఇంటి గోడ మీద పదకొండు ఎర్ర గుర్తులు, వరసగా, నంబర్లతో సహా ఉన్నాయి.

ప్రియదర్శినికి ఒళ్ళు మండింది. నాలుగు రోజులుగా తనను దొంగను చూసినట్టు చూసిన మనిషి అసలు రంగు ఇదా అనుకుంది. పెట్టెలన్నీ తన ఇంటికే పెట్టించుకుని కిరాయి గుంజుదామని చూస్తున్నాడు, లేకపోతే వేరే కంపెనీ మనిషై ఉంటాడు. ఈయన్ను ఎవరు పంపించారో తేల్చుకోవాలని సరాసరి వెళ్ళి తలుపు తట్టింది.

"దశరథం గారూ, పదకొండూ మీ ఇంటికే కావాలాండీ?"

"మరి నాకు గాకపోతే ఎవరికి?" అన్నాడాయన తలుపు సందులోంచి.

ఆమె ఇంకేదో అనబోయేలోపు సక్కుబాయి బజ్జీల జల్లిగంటె చేత్తో పట్టుకునే వచ్చింది. "జర ఆగు బిడ్డా. ఎర్ర గుర్తు పడ్డ గోడ ఈడ నిలవడదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నా దుకాణం గట్లనే పోయి బండి మీద పడ్డ. అందుకే గీ అన్న రెండు దినాల సంది బకెట్ పట్టుకొని మా గుర్తులన్ని కడుగుతున్నడు."

"కడిగితే కడిగారు. మళ్ళీ తన గోడ మీద వేసుకోవడం ఎందుకు?"

దశరథం బయటికి వచ్చాడు. చదువుకున్న పిల్లకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు. "లెక్క తప్పితే మళ్ళ వస్తరు. పదకొండని కాయితంల రాసుకున్నవు గద? పదకొండు కనబడితే సంతకం వెట్టుకొని పోతవు. గీళ్ళకు బండి పోతే పొయ్యి ఆరిపోతది. నాకేంది, బడంగ్‌పేట్‌ల బిడ్డ ఇల్లున్నది, పోయి ఆడ కూసుంట."

నిన్ననే రెండు మంచాలు, బియ్యం డబ్బా ఆటోలో బడంగ్‌పేట్‌కు పంపించేశాడని సక్కుబాయి చెప్పింది.

ప్రియదర్శిని కోపం ఎటు పోయిందో పోయింది. సిగ్గేసింది. వారమంతా స్తంభాలు కొలిచింది గానీ, ఆ గుర్తు ఎందుకో వాటి కింద బతికే మనుషులకు ఒక్క ముక్క చెప్పలేదు. అక్కడే అరుగు మీద కూర్చుని, ఆ గుర్తున్నచోట టిఫిన్ డబ్బా అంత పెట్టె తగిలిస్తారనీ, ఎవరి బండీ ఎవరి గోడా కదలదనీ కాగితం మీద రాసి సంతకం పెట్టింది. దశరథం ఆమెతో రెండుసార్లు చదివించాడు. సోమయ్యను పిలిచి మూడోసారి చదివించాడు.

"అయితే నా ఇల్లు పోదా?"

"పోదండీ."

"ఒక్క గోడ గూడ?"

"ఒక్క ఇటుక కూడా పోదండీ."

ఆయన మొహంలో కాస్త నిరాశ కనిపించింది. మంచాల ఆటో కిరాయి దండగైందని గొణుక్కున్నాడు. తర్వాత మెట్ల వైపు నడిచి, "ఎక్కు. నేను గూడ ఎక్కుత. పైకెళ్ళి ఏం సూస్తవో నేను సూడాలె" అన్నాడు.

సాయంత్రానికి కొలతలన్నీ అయ్యాయి. ఒక్కరోజు ముందుగానే పటం కంపెనీకి వెళ్ళిపోయింది. ప్రియదర్శిని మిద్దె దిగి, తడిగుడ్డ తీసుకుని ఆ గోడ మీది గుర్తులు తుడవడం మొదలుపెట్టింది. పది తుడిచాక దశరథం చెయ్యి అడ్డం పెట్టాడు.

"గదొక్కటి ఉండనియ్యి బిడ్డా. రేపు నిజంగ కూలగొట్టెటోళ్ళొస్తే ముందు నా దగ్గరికే రావాలె. నేను అడగాల్సినయి శాన ఉన్నయి."