మంచుగదిలో మోటార్‌హోమ్

సింగపూర్‌లోని క్లెమెంటిలో బస్సు దిగి ల్యాబుకి నడిచేసరికి నా చుడీదార్ చెమటతో వీపుకి అతుక్కుపోయింది. చేతిలో మాత్రం ఉన్ని కోటు, మంకీ క్యాప్! దారిలో ఒక ఆంటీ నన్ను ఎగాదిగా చూసి "సో హాట్ లా!" అని నవ్వింది. నవ్వదూ మరి!

మా ఆయన పనిచేసే ల్యాబులో లారీ పట్టేంత మంచుగది ఉంది. అందులో ఒక మోటార్‌హోమ్, అంటే వంటిల్లూ మంచమూ అన్నీ ఉన్న బండి, టెస్టు కోసం తెచ్చి నిలబెట్టారు. చలిదేశాల్లో జనం అందులోనే తిరుగుతూ అందులోనే పడుకుంటారట. దాన్ని వెచ్చగా ఉంచడం మా ఆయన పని. కప్పు మీద హీట్ పంప్, నేల కింద గ్యాస్ ఫర్నేస్. పంప్ బయటి చలిగాలిలో ఉన్న వేడినే లాగి లోపలికి తెస్తుంది. చలి మరీ ముదిరితే దానికి మంచు పట్టి చతికిలబడుతుంది. అప్పుడు ఫర్నేస్ వెలిగి అందుకోవాలి. పోనీ ఎప్పుడూ ఫర్నేసే వాడదామంటే బండిలోని చిన్న సిలిండర్ ఎంతకని వస్తుంది? ఎవరి వంతు ఎప్పుడో తేల్చే కంట్రోలర్ ఈయన చేసిందే.

అంతకుముందు రెండుసార్లు ఫర్నేస్ ఆలస్యంగా వెలిగింది. లోపల కూర్చున్నవాళ్ళు వణుక్కుంటూ బయటికొచ్చేశారు. ఈసారీ తప్పితే ప్రాజెక్టు మూసేస్తామన్నారు. ఆ దిగులుతో ఈయనకి వారాలుగా తిండీ లేదు, నిద్రా లేదు. పక్కన అలా దొర్లుతుంటే నాకు మాత్రం నిద్రెక్కడిది?

ఈసారి ఆ యంత్రాల సంగతి తెలియని మనిషి కావాలని నన్ను లోపల కూర్చోబెట్టారు. చలేసినా, గాలిలో తేడా తెలిసినా గంట నొక్కమన్నారు. కప్పులోంచి గాలి మొదలవగానే "అబ్బ, ఇంత చలిలో ఏసీ ఏంటండీ" అంటూ రిమోట్ అందుకున్నా. సింగపూర్ అలవాటు, చలేస్తే చెయ్యి దానంతటదే ఏసీ ఆపడానికి పోతుంది.

"అమ్మా తల్లీ, అది ఆపకు! నీకు వేడిచ్చేది అదే!" అని స్పీకర్లో ఈయన కేక.

చెయ్యి పైకెత్తి చూశా. నిజంగానే వెచ్చటి గాలి! కిటికీ అవతల గది గోడలకి మంచు తెల్లగా పేరుకుంటోంది. ఆ గడ్డకట్టే గాలిలోంచా ఇంత వేడి? మా ఫ్లాట్లో లోపలి వేడిని బయటికి నెట్టే ఏసీ లాంటిదే, ఇక్కడ తిరగబడి బయటి వేడిని లోపలికి మోస్తోందట. ఈయన ఎన్నోసార్లు చెప్పారు, నేను ఊఁ కొట్టి ఊరుకున్నా. చేతికి తగిలితే గానీ నమ్మలేదు. ఒళ్ళు ఝల్లుమంది. ఇంత చలిలోనూ ఇంకా వేడి మిగిలి ఉంటుందా దేవుడా! మంచం మీద వెనక్కి వాలి, అరచెయ్యి ఆ గాలిలోనే పెట్టుకుని ఉండిపోయా.

ఎవరో భుజం పట్టి కుదిపారు. కళ్ళు తెరిస్తే ఎదురుగా మా ఆయన, కనుబొమ్మల మీద మంచుపొడి. కప్పులో చప్పుడు లేదు. కాళ్ళ దగ్గర నేలలోంచి వెచ్చగా గాలి వస్తోంది.

"అయ్యో, కునుకు పట్టేసిందండీ! టెస్టు పాడు చేశానా?"

ఈయన తిట్టలేదు. "పంప్ ఎప్పుడాగింది, ఫర్నేస్ ఎప్పుడందుకుంది, నీకేమైనా తెలిసిందా?" అన్నారు.

"ఏంటీ, అప్పుడే మారిపోయిందా?" అన్నా.

అంతే, ఆ నేలమీదే కూలబడి, నా ఒళ్ళో తలపెట్టి, మా ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు.