ప్లగ్గు మీద ఉప్పు

నేను స్టార్టు చేసిన ఓ ఇంజను పొగకి డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌసులో పట్టపగలే దీపం వెలిగించారని చెప్పేవాణ్ణి. జనం నవ్వేవారు. కొందరు నమ్మేవారు కూడా. అవతల స్టీలు ప్లాంటు పనులు సాగుతున్న రోజులవి. చేపల రేవులో నావలకి మోటార్లు బిగించడం అప్పుడప్పుడే మొదలైంది. ఆ మోటార్లు బాగుచేయడం నా పని, కోతలు కోయడం నా జబ్బు.

పొగని బట్టి రోగం చెప్పేవాణ్ణి. స్టార్టు చేయగానే నీలంగా వచ్చి నిమిషంలో పోతే పెట్రోల్లో కలిపిన ఆయిలు కాస్త ఎక్కువైందన్నమాట, భయం లేదు. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే మాత్రం లోపలికి నీళ్లు దిగుతున్నట్టే. ఆ మోటార్లని చల్లార్చేది సముద్రపు నీరే గనక ఆఖరి పరీక్ష నాలుకతో. ప్లగ్గు విప్పి నాకేవాణ్ణి. ఉప్పగా తగిలితే ఇంజను మీది మూత, అదే హెడ్డు, విప్పాల్సిందే. జనం ముందు కళ్లు మూసుకుని నాకి, "ఎవర్రా, రాత్రి వంజరం పులుసు పోసినారు దీంట్లో" అంటే షెడ్డంతా గొల్లుమనేది.

షెడ్డుకి రోజూ వచ్చే నావ ఆసామి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఆయన మోటారులో, హెడ్డు కింద నీళ్లు దిగకుండా వేసే గ్యాస్కెట్టు కాలిపోయింది. అసలుది మద్రాసు నుంచి రావాలి. చేప బాగా పడుతున్న కాలం, ఆగలేనన్నాడు. పాత ఊళ్లో సాయిబు కొట్టుకెళ్లి నీళ్ల పంపులకి వాడే అట్ట తెచ్చాను. "ఇది వేడికి ఆగదు భాయ్" అని సాయిబు చెప్పనే చెప్పాడు. కత్తిరించి బిగించేశాను. ఆయనతో మాత్రం మద్రాసు సరుకేనన్నాను. విమానంలో, పైలట్ ఒళ్లో కూర్చుని వచ్చిందన్నాను.

వారం తిరిగాక ఓ పొద్దున్న కబురంపాడు. వెళ్లేసరికి వలలు ఎక్కించి, ఆయనా ఆయన బావమరిదీ నావలో ఉన్నారు. ఆయన ఇంజను తాడు లాగాడు. తెల్లటి పొగ రేవుని కమ్మేసింది.

"ఏటి బావా ఇది? మోట్రులో పొయ్యెట్టినావేటి?" అన్నాడాయన. పక్క నావల వాళ్లు నవ్వారు.

ప్లగ్గు విప్పి నాకాను. ఉప్పు. ఆ రోజు కళ్లు మూసుకోవడం వేషం కాదు. నిజం చెప్పాలంటే అంతమంది ముందు అట్ట సంగతి చెప్పాలి.

"ఉప్పగుందేటి మేస్త్రీ?" అన్నాడు బావమరిది.

"ఉప్పూ నేదు, పప్పూ నేదు. ఆయిలెక్కువైంది. గంగమ్మ కాడికి ఎల్లేముందు ఇంజనుకీ సాంబ్రాణి దూపం ఉండాల గదా. అదే పోతాది."

"ఇన్నావురా? నాకన్నా నా ఇంజనుకే బక్తి ఎక్కువ!" అని ఆయన విరగబడి నవ్వాడు.

ప్లగ్గు జేబులో వేసుకుని కొత్తది బిగించాను. పొగలో చెయ్యి పెట్టి చూశాను. అంతా నీటి తడే, ఆయిలు జిడ్డన్నదే లేదు. పొగ ఆగకుండానే నావ కదిలింది. కేకేస్తే వినపడేంత దూరంలో చాలాసేపు ఉన్నారు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. తిరిగొస్తుంటే, కెరటాలు విరిగే చోట ఇంజను ఆగిపోయింది. నావ అడ్డం తిరిగి బోల్తా పడింది. బావమరిది ఖాళీ డబ్బా పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. ఆయన మర్నాడు వచ్చాడు, ప్రాణం లేకుండా.

పదో రోజున వాళ్లింట్లో సాంబ్రాణి వేశారు. కూర్చోలేక అరుగు మీదికి వచ్చేశాను. బావమరిది వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆకరిదాకా తాడు లాగుతానే ఉన్నాడు మా బావ. పొగొత్తంది, ఆగిపోతంది. 'దీని దూపం ఇంకా అవనేదేట్రా' అని నవ్వినాడు. నీ మాటే, మేస్త్రీ."

అప్పుడు చెప్పేశాను. అట్ట, సాయిబు మాట, ఉప్పు, అన్నీ. అతను నా భుజం మీద చెయ్యేశాడు.

"ఊరుకో మేస్త్రీ. మా ఏడుపు తగ్గుద్దని నీ నెత్తినేసుకోకు. ఇమానంలో ఒచ్చిన సరుకని నువ్వే గదా సెప్పినావు."

మోటారు సముద్రంలోనే ఉండిపోయింది, విప్పి చూపించడానికి లేదు. ఆ పొద్దున్న విప్పిన ప్లగ్గు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టాను. "నాకి సూడు" అన్నాను.

నాలుక కొసకి ఆనించి తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

"ఉప్పే. ఈ రేవులో ఏ ఇనుం నాకినా ఉప్పే గదా."

ఇంతలో ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి, విస్తళ్లేశాం, రమ్మంది. వెళ్లి తిన్నాను.