జయమ్మాళ్ కుర్చీ

తమిళుల ఐప్పసి నెల వానలు వస్తున్నాయంటే మా నటేశన్ నగర్‌లో అందరూ గొడుగులు వెతుక్కుంటారు. జయమ్మాళ్ మాత్రం మనుషుల్ని వెతుక్కుంటుంది. ఆదివారం పొద్దున నేను కాఫీ గ్లాసు కింద పెట్టకముందే మా గేటు చప్పుడవుతుంది.

"అన్నా, వదినెను పంపీ. కుర్చీ మోసే పని ఉండాది."

పండగ లేదు, పబ్బం లేదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎండ ఫెళ్ళున కాస్తుంటే వరదకు సాధన చేసేవాళ్ళను ఎక్కడైనా చూశామా?

జయమ్మాళ్ తట్టాంచావడిలో బ్యాగులు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. కొన్నేళ్ళ కిందట తుఫాను వచ్చినప్పుడు, బడిలో పెట్టిన శిబిరానికి వంట చేయడానికి వెళ్ళింది. అందరూ ఆమె సాంబారును మెచ్చుకుంటుంటే, ఆమె వచ్చినవాళ్ళ కాళ్ళకేసి చూసిందట. అంతా నడవగలిగినవాళ్ళే. నడవలేని ముసలివాళ్ళు నీళ్ళు చేరిన ఇళ్ళలో మంచాల మీదే ఉండిపోయారు. దాంతో ఆమెకు గరిటె మీద మోజు పోయింది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొని, దాని అడుగున గట్టి బ్యాగు పట్టీలు బిగించి, నలుగురు భుజాలకు తగిలించుకుని మోసేలా తయారు చేసింది. తను, మా వీధి తిలగం, నందిత, మా ఆవిడ రంజని. అదీ ఆమె సైన్యం.

మగవాళ్ళం నవ్వాం. అవసరమొస్తే మేం లేమా అన్నాం. ఆమె వాదన పెట్టుకోలేదు. కుర్చీలో బియ్యం మూట పెట్టి వీధి చివరిదాకా మోయించింది. మనిషిని కూర్చోబెడదామంటే ఒక్కరూ ఒప్పుకోలేదు మరి. బతికుండగా నలుగురి భుజాల మీద ఎక్కడమేమిటి, అపశకునం!

పోయిన కార్తీకంలో ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురిసింది. తెల్లారేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మూలింటి వసంతమ్మకు ఎనభై దాటాయి, మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని స్థితి. ఆ ఇల్లు పల్లంలో ఉంది. కొడుకు శివరామన్ కేకేస్తే మగవాళ్ళం నలుగురం పరుగెత్తాం. మంచం నాలుగు కోళ్ళ దగ్గరా నిలబడ్డామో లేదో, ముసలామె అరిచింది.

"ఏందిరా ఇది? పాడె కట్టేస్తిరా? నేనింకా చావలా! నలుగురు మొగోళ్ళు మోసేది ఒక్కసారే. పోండ్రా!"

శివరామన్ బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు. ఆమె మంచం పట్టెను రెండు చేతులా కరుచుకుని కదలలేదు. నేను ఎత్తబోతే నా మణికట్టు కొరికింది. ఆ నోట్లో అన్ని పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది. ఇంతలో నీళ్ళు పరుపును తడిపేశాయి. బలవంతంగా లాగితే పెనుగులాటలో నీళ్ళలో పడిపోతుంది, వదిలేస్తే మునిగిపోతుంది.

అప్పుడు జయమ్మాళ్ తన సైన్యంతో, కుర్చీని నీళ్ళమీద తోసుకుంటూ వచ్చింది. మమ్మల్ని గోడవారకు జరగమంది.

"అత్తా, పాడె మోసేది యెవురు?"

"మొగోళ్ళు."

"మేం యెవురం?"

వసంతమ్మ నలుగురు ఆడవాళ్ళనూ ఎగాదిగా చూసింది.

"మాకు పీనుగుల్ని కాల్చే సుడుగాటి దోవ గూడా తెలీదు అత్తా. మేం ఎత్తితే యాడికి పోతాం? బడికి. ఆడ వేడిగా కాఫీ ఉండాది."

ముసలామె చేతులు సడలాయి. ఆమెను కుర్చీలోకి జరిపి, నడుముకు పట్టీ బిగించి, నలుగురూ ఒక్కసారే లేచారు. తొడల దాకా నీళ్ళు, కింద కనబడని గుంతలు. అయినా నాలుగు జతల కాళ్ళు ఒకే అడుగు వేశాయి. అన్ని ఆదివారాలను ఎగతాళి చేసిన మగవాళ్ళం వాళ్ళ వెనకే నడిచాం. నాకైతే మా ఆవిడను చూసి, జయమ్మాళ్‌ను చూసి గర్వంతో కళ్ళు చెమర్చాయి. ఎందుకు దాచాలి?

వీధి మలుపులో వసంతమ్మ జయమ్మాళ్ తల మీద చెయ్యి వేసింది.

"ఇంత పదిలంగా మోస్తా ఉండారే జయా. నేను నిజంగా పోయినప్పుడు గూడా మీరే మోయండే."

"అది మా పని గాదు అత్తా. మేం బతికుండేవోళ్ళనే మోస్తాం. గట్టిగా పట్టుకో, ముందర గుంత ఉండాది."