వేలికొసల మీద తిండి రోజులు

మా మేనత్త పోయింది. ఏకాదశి కాదు, పర్వదినమూ కాదు, వట్టి బుధవారం. తర్లుపాడు నుంచి ఫోను వచ్చేసరికి భజన మందిరంలో గ్రంథం విప్పి ఉన్నాను. మూసేశాను. ఆ పూట నా పారాయణం అంతటితో ఆగింది.

గొర్రెల వెంట తిరిగి గట్టిపడిన మనిషి. షుగరు వచ్చాక ఇంటికి రక్తం చూసే చిన్న మిషను తెప్పించుకుంది గానీ, దానికీ మడి పెట్టింది. ఏకాదశి ఉపవాసం ఉండి, ద్వాదశి పొద్దున తలస్నానం చేసి, పారణకు ముందు, దీపం ఎదుట మాత్రమే వేలు పొడుచుకునేది. "నూట పది! స్వామి చల్లగా చూసినాడు" అని వీధికంతా వినిపించేది. ఆ వెంటనే పాయసం. మిగతా రోజులు మిషను గూట్లోనే.

ఒకసారి కాలి బొటనవేలికి ముల్లు దిగి పుండైంది. మానలేదు, నల్లబడింది. మార్కాపురంలో డాక్టరమ్మ చూసి, "ఇట్లే ఉంటే వేలు తీయాల్సి వస్తుంది" అని మూడు నెలల షుగరు పరీక్ష రాసింది. ఫలితం వచ్చేదాకా అత్త బల్ల మీద కూర్చుని ఆ వేలినే చూసుకుంది.

ఏడు లోపు ఉండాల్సింది పది దాటింది.

"ఏందమ్మా ఇది? నా మిషను దేవుడి ముందర చెప్పింది. మీ కాగితమే అబద్ధం!"

"రెండూ నిజమే పెద్దమ్మా. మిషను ఆ నిమిషం సంగతి చెప్తుంది. ఇది రెండు మూడు నెలల సరాసరి చెప్తుంది. అన్నం తిన్నాక ఎప్పుడన్నా చూసుకున్నావా?"

అత్త తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్లు మండింది. ఎక్కడికెళ్లినా చంకలో ఉండే గ్రంథం ఎత్తి లేచాను.

"ఉపవాసం నాటి ముఖమే దేవుడు చూస్తాడని ఇందులో ఎక్కడుందో చూపించత్తా! ఆయన రోజూ చూస్తాడు!"

"మెల్లగా అరువు అల్లుడా. సూదికి భయపడని ముసలోళ్లు నీకు భయపడి లేచిపోతాండారు" అంది, కళ్లనీళ్లతోనే. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇన్సులిన్ రాయి తల్లీ. స్వామికి ఇంక నా తిండి రోజులు గూడా చూపిస్తా."

చూపించింది. అన్నం తిన్నాక, సజ్జరొట్టె తిన్నాక, డాక్టరమ్మ చెప్పిన వేళకల్లా. అంకె పెరిగితే దాచేది కాదు. "తప్పు మామిడిపండుది కాదులే, నాదే" అనేది. పుండు మమ్మల్ని చాలాకాలం భయపెట్టి, చివరికి మానింది. వేలు నిలిచింది. గుండె ఆగే ముందురోజు దాకా ఆ కాళ్లతోనే వాళ్ల ఊరి మందిరానికి నడిచెళ్లింది.

సాగనంపే ముందు ఆమె చేతిలో తులసిదళం పెట్టాను. వేలికొసల నిండా సన్నటి నల్లచుక్కలు. ఎవరో వేళ్లు ముడవబోతే వద్దన్నాను. దీపం ఎదుట ఆ చెయ్యి తెరిచే ఉంది.