గీత మీద పడ్డ బంతి

మా బాపు ఎల్లారెడ్డి–కామారెడ్డి బస్సులో కండక్టర్. ఎవరి మాటనూ మొదటిసారికే నమ్మే మనిషి కాదు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశాక ఆ గుణం ఇంకా ముదిరింది. ఆధార్ కార్డు తీసుకుని ఫోటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూసేవాడు. లింగంపేటలో రోజూ ఎక్కే టీచరమ్మ కార్డు కూడా రోజూ చూసేవాడు. ఒకసారి బస్సు నిండా జనం ఉండగా నా కార్డూ అడిగాడు. నేను తీసి చూపించాను గానీ, రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నేను టెన్నిస్ మొదలుపెట్టింది అంతకు ముందే, ఏడో తరగతిలో. ఎల్లారెడ్డిలో మా బడి ఆటల పోటీల్లో క్రికెట్ బంతి విసరడంలో నాకు మొదటి బహుమతి వచ్చింది. బహుమతులు ఇవ్వడానికి కామారెడ్డి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కప్పు నా చేతికిస్తూ, "టెన్నిస్ ఆడుతవా బిడ్డా?" అని అడిగాడు. కామారెడ్డిలో ఒక క్లబ్బు వెనక మట్టి కోర్టు ఉందని, ఆదివారాలు పొద్దున రమ్మని, రాకెట్ తానే ఇస్తానని, ఫీజు ఏమీ లేదని చెప్పాడు.

ఆ చివరి మాట దగ్గరే బాపు ఆగిపోయాడు.

"ఫీజు లేదంటే ఏంది? ఎందుకు లేదు?"

వారం రోజులు ఆరా తీశాడు. కరెంటు ఆఫీసులో అడిగాడు, క్లబ్బు ముందున్న చాయ్ హోటల్లో అడిగాడు. ఇంటికొచ్చి బీడీలు చుడుతున్న అమ్మతో, "అందరు మంచోడే అంటున్నరు. ఒక్కడన్న చెడ్డగ చెప్తలేడు. గదే నాకు అనుమానం" అన్నాడు.

అయినా నన్ను తీసుకెళ్లాడు. మొదటి ఆదివారం కోర్టు కంచె పక్కన, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఆ పెద్దాయననే, మా సార్‌నే, చూస్తూ ఉన్నాడు. సార్ అది గమనించి లోపలి నుంచి తానే కుర్చీ మోసుకొచ్చాడు.

"దీని మీద కూసోండి. ఇయ్యాల్నే గాదు, ఎప్పుడొచ్చినా కూసోండి."

"ఊరికెనే ఎందుకు నేర్పిస్తున్నరు సార్?" బాపు సూటిగానే అడిగాడు.

"నాతోని ఆడేటోళ్లు లేరు. నా దోస్తులందరికి మోకాళ్లు పోయినయ్."

ఆ జవాబు నమ్మడానికి బాపుకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను కూడా సార్‌ను ఒక కంట కనిపెట్టే ఉన్నాను. పట్టు సరిచేయాల్సి వస్తే ఆయన నా చెయ్యి ముట్టుకునేవాడు కాదు, రాకెట్ అంచు పట్టుకుని తిప్పేవాడు. బాపు చూస్తున్నాడు కాబట్టే అనుకున్నాను. బాపు డ్యూటీ మార్చుకోవడం కుదరక రాలేకపోయిన రోజున కూడా ఆయన అట్లాగే చేశాడు.

రెండేళ్లకు హైదరాబాద్‌లో పిల్లల టోర్నమెంట్లకు వెళ్లడం మొదలైంది. అక్కడ తెలిసింది, చిన్న పోటీల్లో ప్రతి కోర్టుకూ అంపైర్ ఉండడని. మన వైపు పడ్డ బంతి లోపలో బయటో మనమే చెప్పాలి, అవతలి వైపుది అవతలి పిల్ల చెప్పాలి. కామారెడ్డిలోనూ అంతే గానీ, అక్కడ మట్టి మీద బంతి అచ్చు పడుతుంది. అనుమానముంటే నెట్ దాటి వెళ్లి చూసుకోవచ్చు. హైదరాబాద్‌లోవి రంగు వేసిన గట్టి కోర్టులు. బంతి పడి లేచాక ఏమీ మిగలదు.

బాపుకు ఈ పద్ధతి వినగానే నచ్చలేదు. "టికెట్ తీసుకున్నవా అని ప్యాసింజర్‌నే అడిగి ఒదిలేసినట్టున్నది" అన్నాడు. ప్రతి మ్యాచ్‌కూ గీతకు సరిగ్గా ఎదురుగా, కంచె బయట నిలబడేవాడు. అవతలి పిల్ల ఎన్ని తప్పులు చెప్పిందో లెక్కపెట్టి, అయిపోగానే నాకు చెప్పేవాడు. "మూడు మింగింది. నువ్వు సూస్తనే ఉన్నవ్." కొన్నాళ్లకు నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బంతిని చూడాల్సిన చోట అవుట్ అంటూ అవతలి పిల్ల వేలు లేస్తుందా అని చూసేదాన్ని. అందరూ మోసం చేస్తున్నారనే నమ్మకం కుదిరింది నాకు.

నాకు పదిహేనేళ్లప్పుడు ఒక క్వార్టర్ ఫైనల్. అవతల హైదరాబాద్ పిల్ల, నా ఈడుదే, ఎడమచేతి వాటం. ఆట చివరి సెట్టు దాకా వచ్చింది. ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ నాది. ఆ పిల్ల కొట్టిన బంతి నాకు అందకుండా పోయి వెనక గీత మీద పడింది. గీత అవతలి అంచున, కానీ గీత మీదే. గీతకు తాకినా లోపల పడ్డట్టే లెక్క. నేను చూశాను. చూస్తుండగానే నా ఎడమచేతి వేలు పైకి లేచింది.

"అవుట్."

ఆ పిల్ల, "పక్కానా?" అని అడిగింది.

"పక్కా" అన్నాను.

నెట్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది. నా ముఖం వైపు చూడలేదు.

ఆ సాయంత్రం సిటీ బస్సులో మేనత్త ఇంటికి వెళ్తున్నాం. బాపు ఆ రోజు లెక్క చెప్పలేదు. చివరికి నేనే, "ఇయ్యాల ఎన్ని తప్పులు చెప్పింది బాపు?" అని అడిగాను.

"నేను గీతకు ఎదురుంగనే ఉన్న బిడ్డా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నువ్వే గద రోజు లెక్క చెప్తవు. మొన్నటి మ్యాచ్‌ల ఆ పొట్టిపిల్ల నాయి ఎన్ని మింగింది?"

"టికెట్ లేక దొరికినోళ్లు గిదే అంటరు. మొన్నటి బస్సుల చిల్లర ఇయ్యలేదు, దానికి దీనికి సరిపాయె అంటరు."

మర్నాడు సెమీఫైనల్లో నేను చిత్తుగా ఓడాను.

అక్కడితో పోలేదు, ఆ మాట ఆడే పిల్లలందరికీ పాకింది. తర్వాతి టోర్నమెంట్‌లో మొదటి బంతి పడకముందే అవతలి పిల్ల రెఫరీ దగ్గరికి వెళ్లి మా కోర్టుకు అంపైర్ కావాలంది. ఆ పై టోర్నమెంట్‌లో ఇంకో పిల్లా అదే అడిగింది. ఒకావిడ కంచె బయట నిలబడి నా వైపు గీతను మాత్రమే ఫోన్‌లో వీడియో తీసింది. నిజంగా బయటపడ్డ బంతిని కూడా అవుట్ అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. వాటినీ ఆడేసి పాయింట్లు పోగొట్టుకున్నాను.

సార్‌కు ఎవరు చెప్పారో తెలియదు. బాపే అని నా అనుమానం. ఆయన మందలించలేదు. "నెల రోజులు ఈ కోర్టుల అవుట్ అనే మాట నీది గాదు. రెండు దిక్కుల నేనే చెప్త" అన్నాడంతే.

ఆ నెల నాకు నరకం. ఆయన చెప్పినవి సగం తప్పులని అనిపించేది. బంతులు ఏరుకునే వంకతో వెళ్లి మట్టి మీది అచ్చులు చూసుకునేదాన్ని. అన్నీ ఆయన చెప్పినట్టే ఉండేవి. ఒక్కటి మాత్రం కాదు. నేను పిలిచి చూపించాను. వంగి చూసి, "అవు, గీతకు తాకింది. నాకు ఆనలేదు. పాయింట్ నీదే" అని మళ్లీ సర్వీసుకు వెళ్లిపోయాడు. సిగ్గుపడలేదు, సంజాయిషీ చెప్పలేదు. చూపు ఆనకపోవడం కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తోచలేదు. నేను లెక్కపెట్టిన తప్పుల్లో అట్లాంటివి ఎన్నో తెలుసుకునే దారి లేదు.

ఏడాది తర్వాత ఆ ఎడమచేతి పిల్లతోనే మళ్లీ మ్యాచ్ పడింది. అంపైర్‌ను ఆమె కాదు, నేనే అడిగాను. ఆడి ఓడాను. నెట్ దగ్గర చెయ్యి కలిపేటప్పుడు చెప్పాను. "పోయినసారి లాస్ట్ బాల్ లోపలే పడ్డది. నేను చూసిన."

"తెలుసు" అంది. బ్యాగు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆ మ్యాచ్‌ల నీయి రెండు నేను మింగిన" అంది.

ఇంటికి వచ్చేదాకా ఆ మ్యాచ్‌ను బంతి బంతిగా గుర్తు చేసుకున్నాను. ఆ రెండూ ఎక్కడా దొరకలేదు. బాపుకు చెబితే, "అబద్ధం. నేను ఆమె దిక్కు గూడ సూసిన" అన్నాడు. సార్ మాత్రం, "నిజమే అయ్యుంటది" అన్నాడు. నా మనసు తేలిక చేయడానికి ఆ పిల్ల అట్లా అందో, తన మనసు తేలిక చేసుకోవడానికి అందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు డిగ్రీలో చేరాను, ఇంకా ఆడుతున్నాను. ఆమెతో ఆ తర్వాత రెండుసార్లు ఆడాను, ఒకసారి గెలిచాను. అంపైర్‌ను ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. ఆమె అవుట్ అన్నప్పుడల్లా నేను ఒక క్షణం ఆ గీత వైపు చూస్తాను. నేను అన్నప్పుడు ఆమె కూడా చూస్తుంది. తర్వాత ఇద్దరం వెనక్కి నడిచి తర్వాతి బంతికి సిద్ధమవుతాం.