చర్చికి వెళ్ళిన కోడిపెట్ట

వంటింట్లో చీకటిగా ఉందని లైటు స్విచ్ మీదికి చెయ్యి చాచినప్పుడు, కుళ్ళిన గుడ్డు లాంటి వాసన ముక్కుకి తగిలింది. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలో బట్టలు మడతపెడుతూ మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. "స్విచ్ ముట్టుకోకండి" అని వెనకనుంచి గట్టిగా వినిపించింది. ఎదురు ఫ్లాటావిడ. వాసన పసిగట్టి, తీసి ఉన్న తలుపులోంచి వచ్చేసింది. టీవీ ముందున్న పిల్లలిద్దరినీ రెక్కలు పట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్ళింది, తిరిగొచ్చి సిలిండర్ కట్టేసి కిటికీలన్నీ తెరిచింది. నేను "థాంక్సండి" అన్నాను. "పర్లేదండి" అని ఆవిడ వెళ్ళిపోయింది. మా చిన్నది మోచెయ్యి రుద్దుకుంటూ, "ఆంటీ గట్టిగా లాగేసింది మమ్మీ, కార్టూన్ కూడా అయిపోయింది" అని మూతి ముడిచింది.

పిల్లలు పడుకున్నాక సిలిండర్‌ని మళ్ళీ మళ్ళీ చూసొచ్చి, ఇలా రాయడానికి కూర్చున్నాను. నిద్ర పట్టనివ్వనిది గ్యాసు ఒక్కటే కాదు, ఆ ముడిచిన మూతి కూడా.

మా ఊరు మొగల్తూరుకి దగ్గర్లో ఉండేది. సరుగుడు తోటల మీదుగా వచ్చే ఉప్పు గాలి, కోతలప్పుడు కళ్ళంలోంచి లేచే ఊక దుమ్ము, వానాకాలంలో అటకమీద తేమెక్కిన తాటాకుల వాసన, అన్నీ కలిసి ఇంట్లోనే కాపురం ఉండేవి. మా నాన్నగారి అమ్మని మేం మామ్మ అనేవాళ్ళం. శనివారం సాయంత్రం మామ్మ చేటలో బియ్యం ఏరుతూ, ఎదురుగా నన్నూ మా అన్నయ్యనీ కూర్చోబెట్టుకుని, ఈ వారం దేనికి స్తోత్రం చెప్తారో అడిగేది. పోయిన వారం చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. గేదె ఈనితే జున్ను, మునగచెట్టు కాస్తే మొదటి కాడలు, ఏమీ లేని వారం ఊకలో పెట్టిన బాతుగుడ్డు, ఏదో ఒకటి ఆదివారం చర్చికి వెళ్ళాల్సిందే. ఎవరు దేనికి కృతజ్ఞత కానుక తెచ్చారో పాస్టరు గారు అందరి ముందూ చదివేవారు. ఒకసారి మా అన్నయ్య చెప్పిన మాటని మామ్మ ఉన్నదున్నట్టుగా రాయించి పంపింది. "లెక్కల మాస్టారికి జ్వరం వచ్చినందుకు" అని పాస్టరు గారు చదివేశాక, జ్వరం తగ్గి ముందు వరసలో కూర్చున్న మాస్టారు వెనక్కి తిరిగి, "నాకూ సెలవు దొరికిందిలేరా, నా తరఫున కూడా ఇంకో గుడ్డు పెట్టు" అన్నారు.

పంటల పండుగకైతే చర్చి స్తంభాలకి వరికంకులు, చెరకుగడలు, అరటిబోదెలు కట్టేవారు. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తే, మేమిచ్చిన గుమ్మడికాయనే మా నాన్నగారు పాడుకుని ఇంటికి తెచ్చేవారు. మామ్మ దాన్ని, అప్పుడే దేవుడి దగ్గర్నుంచి వచ్చిన చుట్టాన్ని దింపుకున్నట్టు, రెండు చేతులా అందుకునేది.

నాకు ఏడేళ్ళప్పుడు, వానాకాలంలో, బడినుంచి వస్తూ పంటకాలువ మీది తాటిదుంగ మీంచి జారిపడ్డాను. పొలంలో ఉన్న భర్తకి అన్నం క్యారేజీ తీసుకెళ్తున్న సత్యవతి గారు, పెద్దరైతు ఇంటి ఇల్లాలు, క్యారేజీ గట్టుమీద పడేసి కట్టుకున్న చీరతోనే దూకి, నా జుట్టు పట్టుకుని పైకి లాగారు. మాడు మండుతోందని నేను ఇంటికొచ్చి ఏడ్చానట. ఆ ఆదివారం మామ్మ తన పెట్టల్లో మంచిదాన్ని చంకన పెట్టుకుని చర్చికి వెళ్ళింది. మనవరాలిని నీళ్ళలోంచి తీసినందుకు దేవునికి స్తోత్రమని పాస్టరు గారు చదివితే చర్చి అంతా ఆమేన్ అంది. సత్యవతి గారు మాత్రం ఆ చర్చిలో లేరు.

వాళ్ళింటికి వెళ్ళమని అమ్మ ఎన్నిసార్లో గుర్తుచేసింది. మామ్మ ఒకసారి బూరెలు వండి గిన్నెలో సర్ది, పైన గుడ్డ కూడా కట్టింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. మా పేట నుంచి వాళ్ళ వీధికి పనికి వెళ్ళేవాళ్ళున్నారు గానీ, వండిన గిన్నె పట్టుకుని వెళ్ళినవాళ్ళు లేరు.

"మన గిన్నె వాళ్ళు పుచ్చుకుంటారో లేదోనే. దేవుడైతే ఎవరిచ్చినా పుచ్చుకుంటాడు" అంది అమ్మతో.

ఆ బూరెలు మేమే తిన్నాం. కొన్నాళ్ళకి సత్యవతి గారు కొడుకు దగ్గరికి తణుకు వెళ్ళిపోయారు. అక్కడే పోయారని కూడా మాకు ఆలస్యంగా తెలిసింది. పొలం కౌలు మాట్లాడుకోవడానికి ఊరికొచ్చిన ఆవిడ కోడలు, దారిలో మామ్మని చూసి ఆగింది.

"మా అత్తయ్యగారు ఆ పాప ఎలా ఉందో, ఎలా ఉందో అని అడుగుతూనే ఉండేవారండి. మీవాళ్ళెవరూ ఒకసారైనా ఇంటికి రాలేదేంటి అనేవారు."

మామ్మ కొంగు సర్దుకుని ఇంటికొచ్చి, ఆ శనివారం చేట ముందేసుకుని కూర్చుంది గానీ, మమ్మల్ని ఏమీ అడగలేదు. చివరి రోజుల్లో, మంచం మీద, ఎవరు పలకరించినా సత్యవతి గారి మాటే ఎత్తేది. పుచ్చుకోకపోతే పుచ్చుకోకపోయేవారు, నేను వెళ్ళాల్సింది, అనేది.

ఇప్పుడా పొలాలు చేపల చెరువులయ్యాయి. తాటిదుంగ ఉన్నచోట సిమెంటు తూము ఉంది. చర్చిలో కానుకలిచ్చినవాళ్ళ పేర్లు తెరమీద జరిగిపోతాయి, దేనికిచ్చారో ఎవరూ చదవరు. జున్నూ లేదు, బాతుగుడ్డూ లేదు. ఫలానా ఇంట్లో ఈ వారం ఏ మేలు జరిగిందో ఊరంతా వినే ఆ పావుగంట కూడా పోయింది. మా పిల్లలకి నేను నేర్పింది థాంక్యూ అనే ఒక్క మాట. బిస్కట్ ప్యాకెట్టుకీ అదే, ప్రాణానికీ అదే.

ఇక్కడిదాకా రాత్రి రాశాను. పొద్దున్న యూనిఫాములేసుకుని బ్యాగులు తగిలించుకున్న పిల్లల్ని గుమ్మంలో ఆపాను.

"వ్యాన్ వెళ్ళిపోతే పోనీ, నేను దింపుతాను. ముందు ఎదురింటి ఆంటీ తలుపు కొట్టండి. నిన్న మీరు లాగబట్టి మేమున్నాం అని చెప్పండి. పేరు కూడా అడిగి రండి, అమ్మ ఇన్నాళ్ళూ అడగలేదు."